డ్రమ్ములతో తేలే బల్లకట్టు

ప్రశ్న: చేపల చెరువులో మేత వేయడానికి 200 లీటర్ల పాత ప్లాస్టిక్ డ్రమ్ములతో బల్లకట్టు కట్టాలి. ఎన్ని కావాలి? – ఓ రైతు, కైకలూరు

జవాబు: 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుకు ఆరు. పడుకోబెట్టిన డ్రమ్ము సగం మునిగితే సుమారు 90 కిలోలు మోస్తుంది. చట్రం, చెక్కలు 200 కిలోలున్నా ముగ్గురు మనుషులు, రెండు బస్తాలు ఆగుతాయి. అంచుల వెంట మూడేసి పెట్టండి. మధ్యకు చేరిస్తే పక్కకు నడవగానే ఒరుగుతుంది.

అందరూ పొరబడేది బిరడాల దగ్గరే. మిట్టమధ్యాహ్నం బిగిస్తే లోపలి వేడిగాలి నీళ్లలో చల్లబడి కుంచించుకుపోతుంది. డ్రమ్ము సొట్టపడి, బిరడా మరచుట్ల సందుల్లోంచి నీళ్లు లాగుతుంది. తెల్లవారుజామునే టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. సిలికాన్ జిగురు ఈ ప్లాస్టిక్‌కు సరిగా అంటదు.

డ్రమ్ములకు మేకులు వద్దు, బెల్టులతో చట్రానికి కట్టండి. పురుగుమందు డ్రమ్ములు మాత్రం ఎంత కడిగినా వాడకండి, చేపలు చస్తాయి.