చిన్నోడికి, ఓటర్ల జాబితా గురించి

చిరంజీవి చిన్నోడికి, తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన నేషన్‌స్టేట్స్ ఆట, అదే ఇంటర్నెట్లో ఎవరికివారు ఊహాదేశం పెట్టుకుని నడిపేది, ఆ దేశాలు గుంపుగా చేరితే రీజియన్ అంటారన్నావే, అది నాకు సగమే అర్థమైంది. కానీ "మా రీజియన్‌లో ఎవరికి ఓటుండాలో రూల్స్ నన్ను రాయమన్నారు తాతయ్యా" అన్నావు చూడు, అది మాత్రం బాగా అర్థమైంది. కందుకూరు దగ్గర పల్లెలో పంతులుగా ఉంటూ ఏళ్ళ తరబడి బూత్ లెవెల్ ఆఫీసర్ డ్యూటీ చేశాను కదా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మీ ఆటలో ఒక్కడే పది దేశాలు పెట్టుకోవచ్చన్నావు. అందుకని దేశానికో ఓటు అనకు. ఆటలోని దేశాలన్నిటికీ కలిపి ఉండే సభ, ఆ వరల్డ్ అసెంబ్లీలో మాత్రం మనిషికి ఒక్క దేశమే ఉండాలని ఆటే కాపలా కాస్తోంది, దాన్నే పట్టుకో, అందులో సభ్యత్వమున్న దేశానికే ఓటు అను. మన దగ్గరా అంతే, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు. ఆ అసెంబ్లీ సభ్యత్వం వేరే రీజియన్‌లోని దేశానికి పెట్టుకున్నవాళ్ళకి మీ దగ్గర ఓటు పోతుంది. కష్టమే. ముందుగా చెప్తే ఎక్కడ ఓటు కావాలో వాళ్ళే తేల్చుకుంటారు.

అదొక్కటే చాలదు. దేశాలు క్షణంలో రీజియన్ మారతాయి కదా, ఓటింగ్ ముందురోజు రాత్రి గుంపుగా వచ్చి దిగితే? మన ఎన్నికల్లో నామినేషన్ల ఆఖరి గడువు దాటాక జాబితాలో కొత్త పేరు ఎక్కదు. మీరూ నామినేషన్లు మొదలయ్యేనాటికి పదిహేను రోజులుగా ఉన్నవాళ్ళకే ఓటు అని పెట్టుకోండి. మూడు నెలలు మాత్రం వద్దు. కొత్తగా వచ్చిన పిల్లాడు అన్నాళ్ళు ఆగడు. ఇన్ని సందేశాలు రాస్తేనే ఓటు అనే షరతు అసలే వద్దు. తెల్లదొరల కాలంలో ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటిచ్చేవాళ్ళు. 1951-52 ఎన్నికల్లో గానీ పెద్దలందరికీ ఓటు రాలేదు.

ఇక పేర్లు తీసేసే సంగతి. ఇక్కడే జాగ్రత్త అబ్బయ్యా. ఒకసారి సర్వేకి వెళ్తే ఒక ఇంటికి తాళం ఉంది. ముసలామె కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయిందన్నారు పక్కింటివాళ్ళు. మళ్ళీ వెళ్ళి చూడకుండా 'వలస' అని రాసుకున్నాను. నోటీసు కూడా ఆ తాళం వేసిన తలుపుకే అంటించాను. ఫోన్ నంబర్ అడగాలని తోచలేదు. పోలింగ్ రోజు పొద్దున్నే ఆమె రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. బడి వరండాలో నిలబడి, కొంగుముడి విప్పి ఓటరు కార్డు నా చేతిలో పెట్టింది. కార్డుంది, జాబితాలో పేరు లేదు. "నేను ఉండానుగదా అయ్యా" అంది. నాకు నోట మాట రాలేదు. కార్డు మళ్ళీ కొంగున ముడేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నాకు కళ్ళకు కడుతూనే ఉంటుంది.

మీ ఆటలో 28 రోజులు లాగిన్ కాకపోతే దేశం పోతుందన్నావు, వెకేషన్ మోడ్ పెట్టుకుంటే 60 రోజులు. ఇంటర్ పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాడు ఎవడో మూడు వారాలు కనపడలేదని పేరు కొట్టెయ్యకండి. దేశం పోయి మళ్ళీ తెచ్చుకున్నవాడికి ఆ పదిహేను రోజుల లెక్కలో పాత రోజులూ కలపండి. మీరు వేరే రీజియన్‌తో కలిసిపోయినా అంతే. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకి మారింది. మేం కదల్లేదు, మా ఓట్లూ ఎక్కడికీ పోలేదు.

ఓటింగ్‌కి పది రోజుల ముందే జాబితా అందరికీ కనపడేలా పెట్టండి. తీసేసిన పేర్లు కూడా, పక్కన కారణంతో సహా. పేరు పోయినవాడికి టెలిగ్రామ్, అదే ఆటలోపల పంపే సందేశం, ఒక్కటే పంపి ఊరుకోకు, లాగిన్ కానివాడు దాన్ని ఎట్లా చూస్తాడు? అదీ తాళం వేసిన తలుపే. వాడి స్నేహితుల ద్వారా కబురు చేయించు. అభ్యంతరం చెప్పుకోవడానికి ఐదు రోజులు ఇవ్వండి. వినేవాళ్ళు పోటీలో ఉన్నవాళ్ళు కాకూడదు. నువ్వే నిలబడాలనుకుంటే ఈ రూల్స్ పని ఇవాళే ఇంకొకరికి అప్పజెప్పు. మధ్యలో మార్చిన రూలు వచ్చే ఎన్నికలకే వర్తించాలి.

మొదటి జాబితా తయారవగానే ఫోన్ చేసి చదివి వినిపించు. తీసేసిన పేర్ల దగ్గర నుంచి మొదలుపెట్టు.

మీ తాతయ్య