మాంటేజ్ సాంగ్ తీయబోయే అమ్ములుకి

అమ్ములూ, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. నాలుగు నిమిషాలు, మాటల్లేవు, ఒక పాట, హైదరాబాద్ కుర్రకారు. బాగుంది. కానీ అందులో కేబుల్ బ్రిడ్జి, చార్మినార్, ట్యాంక్‌బండ్, ఇరానీ చాయ్, ఐటీ ఆఫీసులు అన్నీ ఉన్నాయి. ఇవన్నీ కలిపితే టూరిజం ప్రకటన అవుతుందేమో గానీ సినిమా అవదు. ఒక్క పేట పట్టుకో. నన్నడిగితే చిక్కడపల్లి, అశోక్‌నగర్. గ్రూప్స్‌కి చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి మకాం పెట్టేది అక్కడే. సిటీ సెంట్రల్ లైబ్రరీ, స్టడీ హాళ్లు, జిరాక్స్ షాపులు, మెస్సులు, హాస్టల్ బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లు. చదువు ఎగ్గొట్టి ఫస్ట్ షోకి పోదామా వద్దా అని ఊగిసలాడే కుర్రాడు ఒక్కడు దొరికితే నీకు డ్రోన్ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. "షాట్లు తీశాక మ్యూజిక్ వేయిద్దాం" అని రాశావు. వద్దు. కథ ఉన్న సినిమాకి ఎడిటింగ్ అయ్యాక రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం, చేస్తారు, అది వేరు. నీకు పాటే కథ. పాట లేకుండా కెమెరా పట్టుకుని తిరిగితే ఏ షాట్ ఎంతసేపు తీయాలో నీకే తెలియదు. ట్యూన్ పూర్తిగా కుదరకపోయినా కనీసం టెంపో, అంటే పాట నడిచే వేగం, ఖాయం చేసుకుని బయల్దేరు.

టెంపోకి ఒక లెక్క ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ల కింద తీస్తావు కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 పెట్టుకో, లేకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి. ఫోన్‌తో తీసినా ఆటో తీసేసి ఈ రెండూ లాక్ చెయ్యి. పాట నిమిషానికి 100 బీట్లయితే ఒక్కో బీటుకి సరిగ్గా 15 ఫ్రేములు. అదే 120 అయితే పన్నెండున్నర. అర ఫ్రేము తేడా ఎవరికీ కనిపించదు, నిజమే. కానీ లెక్క సాఫీగా ఉంటే రాత్రి రెండింటికి కూడా ఎడిటింగ్‌లో నీ బుర్ర పనిచేస్తుంది.

అలాగని ప్రతి బీటుకీ కట్ చేయకు. నాలుగు నిమిషాలకి 400 బీట్లు. 400 షాట్లు వేస్తే చూసేవాళ్లకి ఒక్క మొహమూ గుర్తుండదు. పేజీ తిప్పే చెయ్యి, బస్సు ఫుట్‌బోర్డు మీద పడే కాలు, ఆ కదలిక బీటు మీద పడితే చాలు. చరణం మొదట్లో ఒక మొహాన్ని ఎనిమిది బీట్లు అలాగే ఉంచెయ్యి. భయపడకు, ఎవరికీ బోర్ కొట్టదు. జిరాక్స్ మిషన్ శబ్దం విడిగా రికార్డు చేసి మీ మ్యూజిక్ చేసే అబ్బాయికి ఇవ్వు. దానికీ ఒక తాళం ఉంటుంది, పాట టెంపో అక్కణ్నుంచే తీసుకోవచ్చు. ఎక్కడో ఒకచోట వాయిద్యాలన్నీ ఆపేసి అదొక్కటే వినిపించమను.

సినిమా పాటల జోలికి పోకు. మీవాళ్లతో మళ్లీ పాడించినా ట్యూనుకీ, సాహిత్యానికీ హక్కులు వేరేవాళ్లవే. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ, అంటే హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే ఏర్పాటు, పట్టేస్తుంది. ఆ అబ్బాయి స్నేహితుడే అయినా పాట వాడుకోవచ్చని కాగితం రాయించుకో.

మెట్రోలో, లైబ్రరీ లోపల అనుమతి లేకుండా తీయకు. చదువుకునే పిల్లలతో ముందు కూర్చుని మాట్లాడు, కెమెరా సంగతి తర్వాత. ఉద్యోగం ఎప్పుడొస్తుందని ఇంట్లో రోజూ అడిగించుకునే వాళ్లు. వాళ్లకి తెలియకుండా తీసిన క్లోజప్ ఊళ్లో ఎవరి ఫోన్లోనో తేలితే బాగోదు. ఆడపిల్లల హాస్టళ్ల బాల్కనీలు అడగకుండా అస్సలు తీయకు.

ముందు పాట పంపు. మిక్సింగ్ అవీ వద్దు, క్లిక్ (టెంపో చూపే టిక్ టిక్) మీద పాడిన స్క్రాచ్, అంటే చిత్తు రికార్డింగ్, చాలు. అది విన్నాక షాట్ల లిస్టు చూద్దాం. వేళకి తింటున్నావో లేదో కనుక్కోమంటోంది మీ అత్తయ్య.

ఇట్లు,
మామయ్య