డాక్టర్ సలహా: అడవి మంటల పొగతో మూడేళ్లుగా దగ్గు... ఎండాకాలం ఊరు మారితే తగ్గుతుందా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లా ఆత్మకూరు వైపు, నల్లమల అంచున ఉన్న పల్లె. నా వయసు 46. శివరాత్రి దాటిందంటే అడవిలో ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. రాత్రికి పొగంతా ఊరి మీదికి దిగుతుంది. మూడేళ్లుగా దగ్గు, ఆయాసం. ఈ ఏడు వానలు పడ్డాక కూడా తగ్గలేదు, మనిషిని కొంచెం చిక్కాను. మెడికల్ షాపులో ఇచ్చే చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, ఆపితే మళ్లీ మొదలు. ఒకసారి డాక్టర్ ఇన్‌హేలర్ రాస్తే, అలవాటైపోతుందని అందరూ అన్నారని మానేశాను. గ్యాస్ ఉంది గానీ సంగటి వండడం, నీళ్లు కాచడం కట్టెల పొయ్యి మీదే. మా ఆయన మేకలు మేపుతారు. నాలుగేళ్ల మనవరాలికీ దగ్గు వస్తుంటే నా సిరప్పే అర చెంచా ఇస్తున్నాను. అడవి పొగతో కేన్సర్ వస్తుందా? మాస్క్ ఏది కొనాలి? ఎండాకాలం రెండు నెలలు మా చెల్లెలి ఊరికి వెళ్లిపోతే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, పొగ గురించి చాలా రాశారు, తెల్ల మాత్ర గురించి ఒక్క ముక్క రాశారు. నాకు టెన్షన్ పుట్టించింది ఆ ఒక్క ముక్కే. కేన్సర్, మాస్క్ సంగతి తర్వాత చెప్తాను.

ఆ మాత్ర పేరు మీరు రాయలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ రెండు రోజుల్లో దగ్గు, ఆయాసం మాయమై, ఆపగానే తిరిగొచ్చిందంటే అది స్టెరాయిడ్ కావచ్చని నా అనుమానం. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, వీటిలో ఏదో ఒకటి అయ్యుండొచ్చు. అట్ట మీద ఈ పేర్లు ఉన్నాయేమో ఎవరి చేతనైనా చదివించండి. విడిగా కాగితంలో చుట్టి ఇస్తున్నారంటే అది ఇంకా ప్రమాదం. చీటీ లేకుండా ఇవి అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

స్టెరాయిడ్ మీద నాకు కోపం లేదు. ఆయాసం ముదిరి వచ్చినవాళ్లకు నాలుగైదు రోజులు అదే ఇచ్చి గట్టెక్కిస్తాం. అప్పుడు రోగం పేరు తెలుసు, మోతాదు తెలుసు, ఎప్పుడు ఆపాలో తెలుసు. మీ విషయంలో ఈ మూడూ ఎవరికీ తెలియవు. నెలల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం వస్తుంది, ముఖం ఉబ్బుతుంది. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. టీబీ ఉన్నవాళ్లు ఈ మాత్ర వేసుకున్నా కొన్నాళ్లు దగ్గు తగ్గినట్టే ఉంటుంది, ఆకలి పుడుతుంది, ఒంట్లోకి బలం వచ్చినట్టు అనిపిస్తుంది. లోపల జబ్బు మాత్రం పాకుతూనే ఉంటుంది. మీరు చిక్కానని రాశారు. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలన్నది మన దేశంలో నియమం. మీకు మూడేళ్లు! కట్టెల పొగ పీల్చేవాళ్లలో టీబీ ముప్పు ఎక్కువని కూడా పరిశోధనలు చెబుతున్నాయి. మీకు టీబీ ఉందని నేను అనడం లేదు. లేదని తేలేదాకా పొగ మీదికి నెట్టేసి ఊరుకోకూడదు అంటున్నాను.

ఇది చదివి ఈరోజే ఆ మాత్రలు పారేయకండి. స్టెరాయిడ్ చాలా రోజులు బయటి నుంచి అందితే, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు (మూత్రపిండాల మీద ఉంటాయి) తమ పని తగ్గించుకుంటాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోవచ్చు, వాంతులై స్పృహ తప్పవచ్చు. ఎంతకాలంగా, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. అవసరమైతే మెల్లగా తగ్గిస్తారు. తిడతారేమో అని దాచేవాళ్లే నాకు ఎక్కువ కనిపిస్తుంటారు. తిట్టినా ఫర్వాలేదు, చెప్పండి.

ఇక ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న మాట. ఇది ఎవరు పుట్టించారో గానీ ఎందరి ఊపిరితిత్తులనో పాడుచేసింది. ఇన్‌హేలర్లో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మిల్లీగ్రాములో వెయ్యో వంతు అన్నమాట. అది కూడా నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీరు మింగే మాత్రలో మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఒళ్లంతా తిరుగుతుంది. చిన్న మోతాదుకు భయపడి పెద్ద మోతాదు మింగుతున్నారేమో చూడండి. ఇన్‌హేలర్ రాసిన డాక్టర్ మీకు ఆస్తమా గానీ, సీవోపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి మళ్లీ పూర్తిగా తెరుచుకోని జబ్బు) గానీ ఉండొచ్చని అనుకుని ఉంటారు. ఏదో తేల్చడానికి స్పైరోమెట్రీ అనే పరీక్ష ఉంది. గొట్టంలోకి గట్టిగా ఊదాలి, సూది పని లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో చెస్ట్ డాక్టర్లు ఉంటారు. తెమడ పరీక్ష అయితే మీ దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉచితంగా చేస్తారు. ముందు తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్-రే, ఆ తర్వాత ఊదే పరీక్ష.

బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు సీవోపీడీ ఏమిటని అడుగుతారు. మన పల్లెల్లో అలాంటివాళ్లకు అది వచ్చేది ఎక్కువగా పొయ్యి దగ్గరే. అడవిలో కాలినా, పొయ్యిలో కాలినా కట్టె పొగ కట్టె పొగే. కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, వాటితో పాటు పీఎం 2.5 అనే కంటికి కనపడని నుసి. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, అందుకే ముక్కు ఆపలేదు, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో ఇది రోజు సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 60. కిటికీ లేని వంటింట్లో కట్టెలు మండుతున్నంతసేపు అది వందల్లో ఉంటుంది, ఒక్కోసారి వేలు దాటుతుంది. అడవి పొగ మీకు ఏడాదిలో కొన్ని వారాలు. పొయ్యి పొగ పెళ్లయిన నాటి నుంచి పూటపూటా. వానలు పడ్డాక కూడా దగ్గు తగ్గలేదని మీరే రాశారు కదా, అప్పుడు అడవి కాలడం లేదు.

అడవి పొగను తేలిగ్గా తీసుకోమని కాదు. రాత్రిపూట నేల చల్లబడి, చల్లగాలి కిందే నిలిచిపోతుంది. దానితో పాటు పొగ కూడా లోయల్లో, పల్లెల మీద పేరుకుంటుంది. మీకు తెల్లవారుజామున దగ్గు ఎక్కువైతే ఇదొక కారణం కావచ్చు. ఆ రోజుల్లో మా ఓపీకి ఆయాసంతో వచ్చేవాళ్లు పెరుగుతారు, గుండె జబ్బు ఉన్నవాళ్లకూ ఇబ్బందే. 2023లో కెనడా అడవులు కాలితే ఆ పొగ వందల మైళ్లు వెళ్లి న్యూయార్క్ ఆకాశాన్ని నారింజ రంగులోకి మార్చింది. పొగకు ఊరి పొలిమేర తెలియదు.

మీ ఆయన మేకలు మేపుతారని రాశారు కాబట్టి ఇది ఆయనకు చదివి వినిపించండి. మన అడవుల్లో పిడుగులతో అంటుకునేది చాలా తక్కువ, దాదాపు అన్నీ మనుషులు పెట్టినవో, జారవిడిచినవో. ఎండిన బోద కాలిస్తే వానకు లేత గడ్డి మొలుస్తుందని కొందరు, ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఎండాకు కాల్చి కొందరు, తేనె పట్టు దగ్గర కాగడా వదిలి కొందరు, శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచి వెళ్తూ దారిలో వండుకున్న పొయ్యి ఆర్పకుండా కొందరు. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫాల్గుణం నాటికి నేలంతా ఎండాకే. ఒక్క బీడీ ముక్క చాలు. మంట నేల మీదే పాకుతుంది, పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. అందుకే ‘అడవికేం కాలేదులే’ అనుకుంటాం. పోయేవి మొలకలు, నేల మీద పెట్టే పక్షుల గుడ్లు, తాబేళ్లు. ఏటా కాలితే కొత్త చెట్టు పైకి రాదు, లాంటానా కంప మాత్రం మళ్లీ చిగురిస్తుంది. ఆ కంప ఎక్కువున్న చోట మరుసటేడు మంట ఇంకా ఎత్తు లేస్తుంది. ఆకు దుప్పటి కాలిపోయిన నేల మీద తొలకరి పడితే పైమట్టి, బూడిద వాగుల్లోకి కొట్టుకుపోతాయి. మేకలకు నాలుగు వారాల లేత గడ్డి కోసం ఆ నేల పోగొట్టుకోవడం మీ ఆయనకే నష్టం. పైగా రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహంలో కనపడిన మంటల సమాచారాన్ని అటవీ సిబ్బందికి ఫోన్లకే పంపుతోంది.

ఆ కబురు అందుకుని వెళ్లి మంట ఆర్పేది ఫైర్ వాచర్లు. మీ వైపు వాళ్లలో చాలామంది చెంచులు. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పుతారు, ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటారు. తువ్వాలు ఈ నుసిని ఆపదు, తడిపినా ఆపదు. వాళ్లకు మంచి మాస్కులు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇప్పించడం పెద్ద ఖర్చు కాదు. మీరు అడగలేదు, అయినా ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

మీ ప్రశ్నలకు వస్తాను. కేన్సర్: ఇళ్లలో కాల్చే కట్టెల పొగను అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా కేన్సర్ కలిగించేది’ అన్న వర్గంలో పెట్టింది. బొగ్గు పొగ అయితే ఖాయంగా కలిగించే వర్గంలోనే ఉంది. అంటే పొగ పీల్చిన అందరికీ వస్తుందని కాదు. మీ దగ్గులో నేను ముందు వెతికేది టీబీ, సీవోపీడీ, ఆస్తమా. తెమడలో రక్తం పడినా, బరువు ఇంకా తగ్గుతున్నా డాక్టర్ స్కాన్ కూడా రాయొచ్చు, అప్పుడు వాయిదా వేయకండి.

మాస్క్: ఎన్95, ముక్కు మీద, బుగ్గల పక్కన సందు లేకుండా అతుక్కునేది. గుడ్డ మాస్క్, నీలం రంగు సర్జికల్ మాస్క్ దీనికి సరిపోవు. పెట్టుకుంటే ఆయాసం పెరిగితే తీసేయండి. నాలుగేళ్ల పాపకు మాస్క్ మీద ఆధారపడవద్దు, పొగ ఉన్నంతసేపు లోపల ఉంచడమే మేలు. ఇక్కడే చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటి ఉంది. అడవి పొగ వస్తోందని తలుపులు, కిటికీలు మూసేసి లోపల కట్టెల పొయ్యి వెలిగిస్తారు. సాయంత్రం దోమలకని వేపాకు పొగ వేస్తారు, పడుకునేటప్పుడు దోమల చక్రం. మూసిన గదిలో ఇవేవీ వద్దు, దోమతెర కట్టుకోండి. పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు వేసే అలవాటుంటే ఈరోజే మానేయండి. ఆ పొగ కట్టె పొగకన్నా విషం.

చెల్లెలి ఊరు: పొగ దట్టంగా ఉన్న నాలుగు రోజులు వెళ్తే మంచిదే. రెండు నెలలు వెళ్లినంత మాత్రాన జబ్బు పోదు, అక్కడా కట్టెల పొయ్యే అయితే తేడా అంతంతే. దానికన్నా గ్యాస్ సంగతి చూడండి. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో దీపం-2 కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, మీకు వస్తున్నాయో లేదో సచివాలయంలో అడగండి. సంగటి గెలికేటప్పుడు గ్యాస్ పొయ్యి కదులుతుందని భయపడతారు, నిజమే. ఎసరు, బియ్యం ఉడికేదంతా గ్యాస్ మీద కానిచ్చి, పిండి వేసి ఉడికాక కింద దించి గెలకండి. స్నానాల నీళ్లు కట్టెలతోనే కాచాలంటే పొయ్యి వాకిట్లోకి మార్చండి, ఎండు కట్టెలే వాడండి. పచ్చివీ తడిసినవీ ఎక్కువ పొగ చిమ్ముతాయి. పాపను చంకనేసుకుని పొయ్యి ఊదకండి.

పాప విషయంలో మాత్రం మిమ్మల్ని కోప్పడాల్సిందే. పెద్దవాళ్ల సిరప్ అర చెంచా అయినా పావు చెంచా అయినా పసిపిల్లలకు ఇవ్వకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు సాధారణంగా వాడవద్దని, రెండేళ్లలోపు అసలే రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో డాక్టర్లకే చెప్పింది. ఇంట్లో పొయ్యి పొగ పీల్చే చిన్నపిల్లలకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు. ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతున్నా, తినడం తాగడం మానేసినా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకపోయినా ఈ వారంలో ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించండి. మీకు టీబీ అని తేలితే పాపకు కూడా పరీక్ష చేయాల్సి ఉంటుంది.

మీకు ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, తెమడలో రక్తం పడినా 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోతే సోమవారమే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు తెల్ల మాత్ర అట్ట, పాప సిరప్ సీసా, ఆ పాత ఇన్‌హేలర్ చీటీ, ఎక్స్-రేలు ఉంటే అవి, అన్నీ ఒక సంచిలో వేసుకోండి. పొద్దున లేవగానే దగ్గితే పడే తెమడే పరీక్షకు బాగుంటుంది, దానికి డబ్బా వాళ్లే ఇస్తారు. షుగర్ కూడా చూడమని మీరే అడగండి.