రాణి బొమ్మ కాసుల పేరు పాతది కాదని తేలితే కేసు వేయొచ్చా?

ప్రశ్న: సార్, 14 నెలల కిందట అమ్మాయి పెళ్లికి ఒక షాపులో విక్టోరియా రాణి కాసుల పేరు కొన్నాం. 25 కాసులు, 80 గ్రాములు. వందేళ్ల నాటి అసలు కాసులని చెప్పి బంగారం రేటు మీద లక్షన్నర ఎక్కువ తీసుకున్నారు, మొత్తం ఏడున్నర లక్షలైంది. మొన్న దారం మార్పిద్దామని మా ఆచారి గారికి చూపిస్తే ఇవన్నీ కొత్తగా అచ్చు కొట్టినవే అన్నారు. షాపు వాళ్లేమో బిల్లులో యాంటిక్ అనే రాశాం, బంగారం 22 క్యారెట్లే కదా అంటున్నారు. ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: వేయొచ్చమ్మా. కానీ ఆ యాంటిక్ అన్న మాట దగ్గరే మీ కేసు నిలబడాలి, ఎందుకంటే నగల షాపుల్లో మెరుపు తగ్గించి పాతదానిలా కనిపించేట్టు చేసిన కొత్త నగని కూడా యాంటిక్ అనే అమ్ముతారు, రేపు వాళ్ల లాయర్ మొదట అనేది అదే. అందుకని వయసు చెప్పి అమ్మారని, ఆ వయసుకే ఎక్కువ డబ్బు తీసుకున్నారని మీరు చూపించాలి. బిల్లు తీసి రేటు, తరుగు, మజూరీ, జీఎస్టీ ఒక్కొక్కటీ లెక్కేయండి, ఆ లక్షన్నర ఎక్కడ కలిపారో తెలుస్తుంది. కొనే ముందు వాట్సాప్‌లో ఒరిజినల్ కాయిన్స్ అని ఏదైనా పెట్టి ఉంటే అది బంగారం కన్నా విలువైంది, డిలీట్ చేయకండి, ఆ ఫోన్ కూడా మార్చకండి.

ఇక కాసులే మీకు పెద్ద సాక్ష్యం. ఫోటోలో ఒకవైపు విక్టోరియా తల, రెండోవైపు గుర్రం మీద వీరుడి బొమ్మ కింద 1908 అని ఉంది. విక్టోరియా 1901 జనవరిలోనే చనిపోయింది, 1902 నుంచి సవరన్ల మీద, అంటే ఆ బ్రిటిష్ బంగారు నాణేల మీద, ఎడ్వర్డ్ రాజు తల వచ్చింది, మరి 1908లో రాణి బొమ్మ కాసు ఎక్కడినుంచి వస్తుంది? బరువు కూడా చూడండి, అసలు సవరన్ 22 మిల్లీమీటర్ల వెడల్పుతో 7.98 గ్రాములు ఉంటుంది, మనం కాసంటే 8 గ్రాములని లెక్కేసేది దాన్ని బట్టే. మీవి అదే వెడల్పున్నా ఒక్కోటి 3 గ్రాములు చిల్లర తూగుతున్నాయి. పైగా మూడు కాసుల మీద రాణి చెంప దగ్గర ఒకే చోట ఒకే గీత ఉంది, చేతులు మారి అరిగిన నాణేలు అలా ఉండవమ్మా, ఒకే అచ్చులోంచి వస్తేనే ఉంటాయి.

హాల్‌మార్క్ ఉందని వాళ్లు చూపిస్తే కంగారు పడకండి. హాల్‌మార్క్‌తో పాటు నగ మీద వేసే హెచ్‌యూఐడీ నంబర్ స్వచ్ఛతనే చెప్తుంది, వయసు చెప్పదు. అయినా హాల్‌మార్కింగ్ సెంటర్‌లో ఒకసారి టెస్ట్ చేయించండి, క్యారెట్ కూడా తగ్గిందని తేలితే తగ్గిన విలువకి రెండింతలు, టెస్ట్ ఖర్చుతో సహా షాపు ఇవ్వాలని హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ రూల్స్‌లో ఉంది.

వాళ్లు నిజంగానే వందేళ్ల నాటివి అంటుంటే నోటీసులో ఇంకో ప్రశ్న అడగండి. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటి వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి, అది చూపించమనండి. పాతవి కావు అంటే మీ కేసు ఒప్పుకున్నట్టే, పాతవే అంటే లైసెన్స్ తేవాలి.

స్పీడ్ పోస్టులో నోటీసిచ్చి 15 రోజులు చూడండి, స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. షాపు వేరే ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, 5 నుంచి 10 లక్షల మధ్య కొనుగోలుకి ఫీజు 200 రూపాయలే, లాయర్ లేకపోయినా పర్వాలేదు. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. పోలీసు కేసు కూడా పెట్టొచ్చు గానీ మోసం చేయాలని మొదటినుంచీ అనుకున్నారని నిరూపించాలి, అది కష్టం, నేనైతే ముందు కమిషన్‌కే వెళ్తాను. గడువు రెండేళ్లు, మోసం తెలిసిన రోజు నుంచి లెక్కేయమని వాదించొచ్చు గానీ దాని మీద ఆధారపడొద్దు, కొన్న రోజు నుంచే లెక్కేసుకుంటే మీకు ఇంకా 10 నెలలుంది.

అప్పటిదాకా ఎక్స్‌చేంజ్ ఇస్తాం తెచ్చేయండి అని ఫోన్ చేసినా నగ వాళ్ల చేతికి ఇవ్వకండి, సెటిల్ అయిందని ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆచారి గారికి కూడా చెప్పండి, ఆ దారం ఇప్పుడు మార్చొద్దని.