కొత్త లగ్జరీ కారు ధర విషయంలో డీలరుతో ఎలా బేరమాడాలి?

డీలరు చెప్పిందే చివరి ధరా, తగ్గించే వీలుందా అన్నది చాలావరకు ఆ మోడల్‌కున్న గిరాకీని బట్టి ఉంటుంది. నెలల తరబడి వేచి ఉండాల్సిన కారుపై తగ్గింపు ఆశించడం దాదాపు వృథా. అదే షోరూములో చాలాకాలంగా నిలిచిపోయిన కారుపైనా, త్వరలో కొత్త రూపం రానున్న మోడల్‌పైనా డీలరు దిగివచ్చే అవకాశం ఎక్కువ. ఎందుకంటే సాధారణంగా అప్పు మీద తెచ్చిన ఆ నిల్వపై వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

ఇద్దరు ముగ్గురు డీలర్లను ఒకే వేరియంటుకు, ఒకే అదనపు సదుపాయాలతో, పన్నులు, రిజిస్ట్రేషన్, బీమా సహా మొత్తం ఎంతవుతుందో పద్దులవారీగా రాతపూర్వకంగా అడగండి. నెలకు ఎంత కట్టగలరని వారు అడిగితే మాత్రం సంభాషణను మొత్తం ధరవైపే మళ్లించండి. గడువు పొడిగించి వాయిదాను చిన్నదిగా చూపడం చాలా సులువు, కానీ వడ్డీతో కలిపి మీరు కట్టేది పెరుగుతుంది. పాత కారు మార్పిడి విలువను కూడా కొత్త కారు ధర ఖరారయ్యాకే మాట్లాడాలి, లేకపోతే ఒకచోట ఇచ్చింది మరోచోట తీసేసుకుంటారు.

నా దృష్టిలో అసలు జాగ్రత్త ధర కుదిరాకే అవసరం. పెయింటు రక్షణ పూతలు, పొడిగించిన వారంటీ, యాక్సెసరీల ప్యాకేజీల వంటివాటిపై డీలరుకు లాభం బాగా ఉంటుంది కాబట్టి, కారుపై వదులుకున్నది అక్కడ రాబట్టుకోవాలని చూస్తారు. అవసరం లేనివాటిని సంతకానికి ముందే బిల్లులోంచి తీయించండి.