డిస్నీ ‘హెర్క్యులీస్’ చూస్తే గ్రీకు పురాణం తెలిసినట్టేనా?

ఎనిమిదేళ్ల పాపకి 1997లో వచ్చిన డిస్నీ ‘హెర్క్యులీస్’ చూపిస్తే గ్రీకు కథలు తెలుస్తాయా అని అడిగారు. చూపించండి. కానీ పేర్లు అవే అయినా వరసలు తారుమారయ్యాయని ముందే అనుకోండి.

సినిమాలో హెర్క్యులీస్‌కి హెరా కన్నతల్లి, పాతాళ దేవుడు హేడిస్ విలన్. పురాణంలో అతని తల్లి ఆల్క్‌మీనీ, మామూలు మనిషి. తండ్రి మాత్రం దేవతల రాజు జ్యూసే. తన భర్తకి వేరే ఆడదాని కడుపున పుట్టాడని హెరా పగబట్టింది, ఉయ్యాల్లోకి పాముల్ని పంపిందీ ఆవిడే. విచిత్రం ఏమిటంటే హెరాక్లీజ్ అనే అసలు పేరుకి అర్థం ‘హెరా కీర్తి’. హెర్క్యులీస్ అన్నది రోమన్లు పిలిచిన పేరు. హెరా పట్టించిన పిచ్చిలో, భార్య మెగారా కన్న తన బిడ్డల్నే చంపుకున్నాడు. ఆ పాపం కడుక్కోవడానికే యూరిస్థియస్ రాజు దగ్గర ఊడిగం, అతను చెప్పిన పది ఘనకార్యాలు. సినిమాలో అవన్నీ పేరు కోసం చేసిన సాహసాలైపోయాయి, నాకు అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే. పాపకి ‘పెద్ద తప్పు చేశాడు, అందుకు శిక్ష’ అంటే చాలు.

చాలా తలల పాము హైడ్రా దగ్గర సినిమా ఆపండి. ఆ తలల గుంపును కంప్యూటర్‌లో చేశారు, దానితో పోరాడే హెర్క్యులీస్‌ని మాత్రం చేత్తో గీశారు. తల నరికితే మూడు మొలుస్తాయి, చివరికి కొండచరియ కూల్చి చంపుతాడు. పురాణంలో ఒకటి పోతే రెండు. లెర్నా చిత్తడిలో అతను నరుకుతుంటే, తమ్ముడి కొడుకు అయొలాస్ మండే కొరివితో ఆ మెడ మొదలు కాల్చేశాడు, ఇక మొలవలేదు. చావులేని ఒక్క తలని పాతిపెట్టి పైన బండ దొర్లించారు. రక్తబీజుడి కథ విన్న పిల్లలకి ఈ కిటుకు ఇట్టే తెలిసిపోతుంది: నరకడం కాదు, పుట్టేచోటే ఆపాలి. కానీ సాయం తీసుకున్నాడని యూరిస్థియస్ ఈ పనిని లెక్కలోంచి కొట్టేశాడు. ఆజియస్ పశువుల కొట్టం కడిగినందుకు కూలి అడిగాడని అదీ కొట్టేశాడు. పది పనులు పన్నెండైంది అలాగే.

కళల దేవతలు మ్యూజ్‌లు తొమ్మండుగురు, తెరమీద ఐదుగురే. ఒకే కన్ను పంచుకునే ముసలమ్మలు పర్సియస్ అనే వీరుడి కథలోని గ్రాయాలు, వాళ్లని విధిదేవతలతో కలిపేశారు.

పాప తప్పకుండా రెక్కల గుర్రం గురించి అడుగుతుంది. సినిమాలోలా పెగాసస్‌ని జ్యూస్ మబ్బుతో చెయ్యలేదు. పాముల జుట్టున్న మెడూసా తలని పర్సియస్ నరికినప్పుడు పుట్టింది, దానిమీద ఎగిరినవాడు బెల్లెరోఫోన్ అనే వీరుడు. తర్వాత చెప్పాల్సిన కథ అదే.