విటమిన్-సి పొడి రంగు మారితే దాణాలో వాడవచ్చా?

ప్రశ్న: మాది తణుకు ప్రాంతం. 5,000 లేయర్ కోళ్ళు ఉన్నాయి. దాణా మేమే మూడు రోజులకొకసారి ఆడించుకుంటాము. కోళ్ళు ఎండ ఒత్తిడిని తట్టుకోవడానికని, ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలో, 25 కిలోల విటమిన్-సి పెట్టె కొని రేకుల గోడౌన్‌లో ఉంచాము. నెలకు సరిపడా విటమిన్-సి, ఖనిజ లవణాలు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు, అంటే రాగి లవణం), కోలీన్ క్లోరైడ్ అనే పోషకం ఒకే డ్రమ్ములో కలిపి పెట్టుకొని దాణాలో వేస్తున్నాము. మే నెలలో చూస్తే డ్రమ్ములోని మిశ్రమం గోధుమ రంగుకు తిరిగి ఉండలు కట్టింది. పెట్టెలో మిగిలిన పొడి కూడా లేత పసుపుగా మారింది. పెట్టె మీద గడువు ఇంకా ఏడాదికి పైగా ఉంది. కోళ్ళు రొప్పుతూనే ఉన్నాయి, గుడ్డు పెంకు పలచబడింది. మోతాదు రెట్టింపు చేయవచ్చా? దాణాలో కంటే నీళ్ళలో ఇవ్వడం మేలా? విటమిన్-ఇ కూడా ఇలాగే పాడవుతుందా?

సమాధానం: మోతాదు రెట్టింపు చేయవద్దు. డ్రమ్ములోని మిశ్రమాన్ని రెండింతలు వేస్తే అందులో ఎంత మిగిలిందో తెలియని విటమిన్-సితో పాటు, ఏమాత్రం తరగని మైలుతుత్తం, ఇతర లవణాలు కూడా రెండింతలు పడతాయి. మీ పెట్టెలోని పొడి, డ్రమ్ములోని మిశ్రమం రెండూ రంగు మారినా, వాటి పరిస్థితి ఒక్కటి కాదు. పెట్టెలోని పొడిలో చాలా భాగం ఇంకా పనికివచ్చే స్థితిలోనే ఉండవచ్చు. డ్రమ్ములోని విటమిన్-సిని మాత్రం లెక్కలోంచి తీసివేయడం మంచిది.

విటమిన్-సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, గాలిలోని ఆక్సిజన్‌తో తానే ముందుగా చర్య జరపడం ద్వారా ఇతర పదార్థాలను కాపాడుతుంది. కోడి శరీరంలో మనకు మేలు చేసే ఈ గుణమే గోడౌన్‌లో దానికి చేటు తెస్తుంది. ఆక్సీకరణలో అది మొదట డీహైడ్రో ఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ దశలో విటమిన్ శక్తి పోదు, శరీరం దానిని తిరిగి పాత రూపానికి తెచ్చుకోగలదు. కానీ తేమ తగిలి అది డైకీటోగ్యులోనిక్ ఆమ్లంగా విడిపోయిందంటే ఇక వెనక్కి రాదు, విటమిన్‌గా దానికి విలువ లేదు. పొడిగా, చల్లగా, చీకటిలో ఉన్న స్ఫటికాలలో ఈ మార్పు చాలా నెమ్మదిగా సాగుతుంది. వేడి, వెలుతురు, తేమ, క్షార గుణం దీనిని వేగిరపరుస్తాయి. వీటన్నిటికంటే రాగి, ఇనుము లవణాలు అతి కొద్ది మోతాదులోనే ఈ చర్యకు ఊతమిస్తాయి.

ఇప్పుడు మీ డ్రమ్ము సంగతి చూద్దాం. కోలీన్ క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీసిన ప్రతిసారీ గోదావరి జిల్లాల ఉక్కపోత గాలి లోపలికి వెళుతుంది, కోలీన్ దానిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది, ఆ చెమ్మలో మైలుతుత్తం కొద్దికొద్దిగా కరిగి, కరిగిన రాగి పక్కనే ఉన్న విటమిన్-సి రేణువుల మీద పనిచేస్తుంది. పైన రేకులు, మే నెల ఎండ. విటమిన్-సిని పాడుచేయాలని ఎవరైనా పూనుకున్నా ఇంతకంటే మంచి ఏర్పాటు చేయలేరేమో! కాబట్టి కోలీన్ క్లోరైడ్‌ను, సల్ఫేటు రూపంలోని లవణాలను, విటమిన్లను వేర్వేరు డబ్బాలలో ఉంచి, దాణా ఆడించే రోజున మాత్రమే కలపండి. అప్పుడు కూడా ఒక్కొక్కదానిని ఐదారు కిలోల మొక్కజొన్న పిండిలో విడివిడిగా కలిపి, విటమిన్ల పిండిని చివరగా మిక్సర్‌లో వేయండి. దాణాలో ఇవి ఒకదానికొకటి దూరంగా పరుచుకుంటాయి, పైగా మీ దాణా మూడు రోజులలో ఖర్చవుతుంది కనుక అక్కడ జరిగే నష్టం స్వల్పమే.

పెట్టె విషయంలో ఒక చిన్న లెక్క వేసుకోవలసింది. రోజుకు కోడికి 110 గ్రాముల దాణా చొప్పున 5,000 కోళ్ళకు 550 కిలోలు కావాలి. టన్నుకు 250 గ్రాముల విటమిన్-సి వేస్తే రోజుకు సుమారు 137 గ్రాములు ఖర్చవుతుంది. అంటే 25 కిలోల పెట్టె మీకు ఆరు నెలలు వస్తుంది. దాణా ఆడించే రోజునే కలిపితే, మూడు రోజులకొకసారి లెక్కన అదే పెట్టెను అరవై సార్లు విప్పవలసి వస్తుందన్నమాట. పెట్టె మీద ముద్రించిన గడువు మూత విప్పని పెట్టెకు, అది కూడా చల్లని, పొడి చోట ఉంచినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ఎండకాలపు వంద రోజులకు మీకు 14 కిలోలు చాలు. పెద్ద పెట్టెలో ధర కలిసివస్తుందని కొన్నా, తెచ్చిన రోజే, వాన లేని పొడి వేళలో, మందపాటి పాలిథిన్ సంచులలో కిలో చొప్పున పోసి, గాలి నొక్కివేసి, మూతి గట్టిగా కట్టండి. కిలో సంచి మీకు సరిగ్గా వారానికి సరిపోతుంది. ఆ సంచులను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రేకుల కింద కాకుండా ఇంట్లో చల్లని గదిలో, నేలకూ గోడకూ ఆనకుండా ఉంచండి. ఇనుప గరిటె వాడవద్దు. కొందరు ఫ్రిజ్‌లో దాస్తారు, అది తప్పు కాదు. అయితే చల్లని సంచిని బయటికి తీసిన వెంటనే విప్పితే పొడి మీద చెమ్మ పడుతుంది కనుక, గది వేడికి వచ్చేదాకా మూతి విప్పకూడదు.

లేత పసుపు రంగును చూసి మొత్తం పారబోయనక్కరలేదు. కొద్ది శాతం నష్టానికే రంగు కనబడుతుంది. ఎంత మిగిలిందో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి గాయాలకు వాడే పోవిడోన్ అయోడిన్ ద్రావణం సరిపోతుంది. కొత్త పొడి ఒక గ్రాము, పాత పొడి ఒక గ్రాము చిన్న త్రాసులో తూచి, విడివిడిగా లీటరు శుద్ధజలంలో కరిగించండి. ఒక్కొక్కదాని నుండి ఒక చెంచా నీటిని తెల్లని గిన్నెలో పోసి, ఒకే సీసాలోని అయోడిన్‌ను చుక్కచుక్కగా వేస్తూ కలపండి. విటమిన్-సి ఉన్నంతసేపూ చుక్క రంగు విరిగిపోతుంది, అది అయిపోగానే పసుపు రంగు నిలుస్తుంది. కొత్త పొడికి 30 చుక్కలు పట్టి పాతదానికి 24 పట్టాయనుకోండి, సుమారు ఐదో వంతు పోయిందని అర్థం. ఆ మేరకు మోతాదు పెంచి వాడుకోవచ్చు. సగానికి పైగా పోతే వాడవద్దు. ఈ పరీక్ష విడి పొడికే పనికివస్తుంది. డ్రమ్ములోని మిశ్రమంలో ఇతర పదార్థాలు కూడా ఈ పరీక్షకు అడ్డుపడతాయి కనుక అక్కడ లెక్క తప్పుతుంది.

నీళ్ళలో ఇవ్వడం మంచిదే. ఎండకు కోడి మేత తగ్గించినా నీరు తగ్గించదు. కానీ నీటిలో విటమిన్-సి ఆయుష్షు గంటలలోనే ఉంటుంది. బ్లీచింగ్ కలిపిన నీటిలోని క్లోరిన్ వల్ల విటమిన్-సి అంతా పోతుందని చాలామంది పొరబడతారు. ఒక గ్రాము క్లోరిన్‌ను విరగగొట్టడానికి దాదాపు రెండున్నర గ్రాముల విటమిన్-సి చాలు. వెయ్యి లీటర్ల ట్యాంకులో 3 గ్రాముల క్లోరిన్ ఉంటే, మీరు వేసే వంద గ్రాములలో ఏడెనిమిది గ్రాములే దానికి పోతాయి. విటమిన్‌కు జరిగే నష్టం చిన్నదే, కానీ ట్యాంకులోని క్లోరిన్ అంతా పోయి నీరు శుద్ధి లేనిదవుతుంది. అందుచేత రాత్రి బ్లీచింగ్ నీరు, తెల్లవారుజామున ట్యాంకు, లైను ఖాళీ చేసి విటమిన్-సి నీరు అన్న పద్ధతి పెట్టుకోండి. నాలుగైదు గంటలలో కోళ్ళు తాగేయగలిగినంత నీటిలోనే, ప్లాస్టిక్ బకెట్‌లో కరిగించి కలపండి. ఎండలో కాగే ట్యాంకులు, తుప్పు పట్టిన పైపులు, ఇనుము ఎక్కువగా ఉన్న బోరు నీరు ఇందుకు పనికిరావు. పెంకు కోసం వంట సోడా ఇచ్చే అలవాటు ఉంటే రెండూ ఒకే నీటిలో వేయవద్దు. బకెట్ బుసబుస పొంగడం మీరే చూడవచ్చు. ఆమ్లత్వం పోయిన నీటిలో విటమిన్-సి మరింత త్వరగా పాడవుతుంది.

ఇకపై కొనేటప్పుడు ఇథైల్ సెల్యులోజ్ పూత ఉన్న విటమిన్-సి అడగండి. 97.5 శాతం విటమిన్ ఉండే ఈ రకం మీవంటి పిండి దాణాకు చాలు. ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ అనే రకంలో ఆక్సిజన్ తాకే చోటును ఫాస్ఫేట్ కప్పి ఉంచుతుంది, పేగులోని ఎంజైము దానిని తొలగించాక గాని విటమిన్ విడుదల కాదు. అందుకే వేడి ఆవిరిలో ఉడికే గుళికల దాణాలోనూ, భీమవరం వైపు చెరువుల్లో వేసే రొయ్యల మేతలోనూ ఇది నిలుస్తుంది. అయితే ఇందులో విటమిన్-సి 35 శాతమే కనుక టన్నుకు 250 గ్రాములు అందాలంటే 700 గ్రాములకు పైగా వేయాలి. మూడు రోజులలో ఖర్చయ్యే దాణాకు ఆ ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

విటమిన్-ఇ సాధారణంగా టోకోఫెరిల్ అసిటేట్ రూపంలో దొరుకుతుంది. అసిటేట్‌తో బంధించి ఉండడం వల్ల అది సంచిలో త్వరగా చెడదు. అదే కారణంగా దాణాలోని నూనెను కనరు పట్టకుండా కాపాడనూ లేదు, కోడి పేగులో విడివడ్డాకే అది పని మొదలుపెడుతుంది. సున్నపురాయి పొడి, సోడా వంటి క్షారాలతో తడిగా కలిసి ఉంటే మాత్రం ఆ బంధం ముందే ఊడుతుంది. మీరు పచ్చి తవుడు వాడుతుంటే మిల్లులో పడిన రెండు మూడు రోజులలోనే వాడేయండి, లేదా నూనె తీసిన తవుడుకు మారండి. కనరు వాసన వచ్చిన తవుడు కోడి పేగులోనూ శరీరంలోనూ విటమిన్-ఇని ఖర్చు చేయిస్తుంది.

పెంకు పలచబడడానికి ప్రధాన కారణం రొప్పడమే. రొప్పినప్పుడు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ వెలుపలికి పోయి, పెంకుకు కావలసిన కార్బనేట్ తగ్గుతుంది. కోడి మూత్రపిండాలు విటమిన్-సిని తామే తయారుచేసుకుంటాయి గాని ఎండ ఒత్తిడిలో అది చాలదు. మనం ఇచ్చేది ఆ లోటు భర్తీకే తప్ప గాలి ఆడని షెడ్డుకు మందు కాదు. పైకప్పు మీద గడ్డి పరిచి తడపడం, ఫ్యాన్లు, చల్లని తాగునీరు మొదట చూడండి, మేతను తెల్లవారుజామున, సాయంత్రం వేయండి.

డ్రమ్ములో మిగిలిన మిశ్రమంలో బూజు, పుల్లని వాసన లేకపోతే, ఉండలు చితిపి జల్లించి, లవణాల కోసం మామూలు మోతాదులోనే వాడి ముగించండి. విటమిన్-సిని మాత్రం కొత్త సంచి నుండి విడిగా కలపండి. బూజు కనిపిస్తే గొయ్యి తీసి పూడ్చండి, చేపల చెరువు వైపు, కాలువ వైపు పారబోయవద్దు. అందులోని మైలుతుత్తం చేపలకు విషం.